వదలని బంతి

బాస్కెట్‌బాల్ ఆట ముగియడానికి పది సెకన్లే ఉన్నాయి. ఇనుప సామాన్ల వ్యాపారి చేతిలో ఉన్నదల్లా కూతురి జట్టుకున్న ఒక్క పాయింటు ఆధిక్యం.

గెలిచిన జట్టు కెప్టెన్‌కే కాలేజీలో సీటు. కెప్టెన్ ఆయన కూతురు అమ్మడే.

ఆ పది సెకన్లకు ముందిచ్చిన చిన్న విరామంలో ఆయన గ్యాలరీ కమ్మీ మీదికి వంగి కేకేశాడు.

"బంతి చేతికొచ్చాక వదలకు తల్లీ. గట్టిగా పట్టుకో, చాలు."

అమ్మడు తలూపింది.

పక్కనున్న బక్కపలచటి మనిషి గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, అలా చెప్పకండి. ఎదుటి పిల్ల చేతికందేంత దగ్గరగా కాపు కాస్తే, బంతిని ఐదు సెకన్లు పట్టుకుని నిలబడకూడదు. తప్పు కింద అవతలివాళ్లకు ఇచ్చేస్తారు."

"మన బంతి మనం పట్టుకుంటే తప్పేంటండీ?"

"రూలంతే. ఎవరికైనా అందించాలి, బుట్టకేసి వెయ్యాలి, లేదా నేలకు కొడుతూ కదలాలి."

"కదిలితే లాక్కుపోరూ?"

"పోవచ్చు. నిలబడితే మాత్రం తప్పకుండా పోతుంది."

వ్యాపారి ఆ మనిషిని ఎగాదిగా చూశాడు. బేరం ముదిరిన వేళ అడక్కుండా సలహా ఇచ్చేవాడికి సొంత లాభం ఏదో ఉంటుంది.

"మా సరుకు సంగతి మాకు తెలుసులెండి" అన్నాడు.

ఆయన కొట్టు నిలబెట్టింది ధర పలికేదాకా సరుకు దాచే మరి.

ఆట మళ్లీ మొదలైంది. బంతి అమ్మడికి అందింది.

అవతలి జట్టు కెప్టెన్ చేతులు చాచి ముఖం మీదికొచ్చి నిలబడింది. రిఫరీ చెయ్యి ఊపుతూ లెక్కపెట్టసాగాడు.

అమ్మడు బిక్కమొహంతో నాన్న వైపు చూసింది.

"ఇప్పుడైనా చెప్పండన్నా. మీ మాటే వింటుంది" అన్నాడు పక్కమనిషి.

"వదలకు!" అని అరిచాడు వ్యాపారి.

అమ్మడు బంతిని గుండెకు హత్తుకుంది.

విజిల్ మోగింది.

బంతి అవతలివాళ్ల పాలైంది. కాపు కాసిన పిల్లే దాన్ని అందుకుని బుట్టలో వేసింది. ఆట అయిపోయింది.

అమ్మడు నిలబడ్డచోటే ఉండిపోయింది.  పైన వ్యాపారికి కమ్మీ పట్టుకుని నిలబడటం తప్ప చేయగలిగింది లేదు.

గెలిచిన ఆ పిల్ల మెట్లెక్కి పరుగున వచ్చి, ఆ బక్కపలచటి మనిషి మెడకు చుట్టుకుంది.

"నాన్నా, సీటు నాకే."

ఆ మనిషి తన కూతురి వీపు నిమిరాడు. చూపు మాత్రం కింద అమ్మడి మీదే ఉంది.

సీటు పోగా వ్యాపారికి మిగిలింది, సొంత బిడ్డకు నష్టమని తెలిసీ ఆ తండ్రి చెప్పిన ఒక్క నిజం.