ఆరు గంటల కుళాయి

సరిగ్గా సాయంత్రం ఆరింటికి ప్లంబరు ఫోను మోగింది.

"బాబూ, వంటింటి కుళాయి కారుతోంది. ఒకసారి వచ్చిపో."

ఎవరో కొత్త పెద్దాయన. ఎదురుగా మందు కొట్టు. రోజూ ఆ వేళకి లాగినట్టే ప్లంబరు కాళ్లు అటే లాగుతున్నా పని వదులుకోలేక సంచీ భుజాన వేసుకున్నాడు.

తాగుడు మానాలని అతను చేయని ప్రయత్నం లేదు. రెండుసార్లు బాప్తిస్మం తీసుకున్నాడు. మూడోసారి అడిగితే పాస్టరుగారు, "లోపం నీళ్లలో లేదు తమ్ముడూ" అన్నారు. మానలేక పడే ఈ అవస్థ ఇంట్లో భార్యకి, చర్చిలో పాస్టరుగారికి తప్ప ఎవరికీ తెలియదు. తాగాలనిపించినప్పుడల్లా లవంగాలు నములుతూ నెట్టుకొస్తున్నాడు.

"నోట్లో ఆ లవంగమేంటి బాబూ?" అన్నాడు పెద్దాయన తలుపు తీస్తూ.

"పంటి నొప్పండి."

"ఊఁ. మంచి మందే!"

కుళాయి బిగించి, కబుర్లయి బయటపడేసరికి ఎనిమిది. తాగాలన్న యావ ఎప్పుడు చల్లారిందో తెలియలేదు.

మర్నాడు స్నానాలగది. ఆ మర్నాడు పెరటి పైపు.

"ఇది ఇల్లా, జల్లెడా పెద్దాయనా?"

"పాతదైపోయింది బాబూ, నాలాగే."

అలా నాలుగు నెలలు. చుక్క ముట్టలేదు. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు.

"దేవుడు నన్ను మార్చాడు. నేనిప్పుడు కొత్తవాణ్ణి."

భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సోమవారం అటుగా వెళ్తూ ఐదున్నరకే పెద్దాయన ఇంట్లో అడుగుపెట్టాడు. పెద్దాయన పానా పట్టుకుని కుళాయి వదులు చేస్తున్నాడు.

ప్లంబరుకి ఒళ్లు మండిపోయింది.

"ఇన్నాళ్లూ నాతో ఆడుకున్నారా?"

"ఆరు దాటేదాకా నిన్నిక్కడ ఉంచుదామని..."

"తాగుడు మానలేక నేను పడే అవస్థ మీకెవరు చెప్పారు? పాస్టరేగా?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. కూర్చో."

కూర్చోలేదు. నమ్మి మనసు విప్పుకుంటే పాస్టరు ఊరంతా చాటాడన్నమాట! ఇద్దరూ కలిసి తనని వెధవని చేశారు. తను మారనే లేదు. ఈ నాటకంలో దేవుడికి కూడా వాటా ఉందనిపించింది.

పాస్టరుగారు చర్చి గుమ్మంలోనే దొరికారు.

"ఒట్టు వేయకూడదు గానీ తమ్ముడూ, నేనెవరికీ చెప్పలేదు."

"మీ ప్రార్థనలు మీరే చేసుకోండి!"

ఆరింటికి ఫోను మోగింది. కట్ చేసి మందు కొట్టులోకి నడిచాడు. మర్నాడూ మోగింది. వారం పాటు మోగి, ఆగిపోయింది.

ఆగిపోయాక మాత్రం అతనికి ఏమీ తోచలేదు. రోజూ ఆరింటికి చేతిలో గ్లాసు, చూపు ఫోను మీద. పదోరోజు గ్లాసు పక్కన పెట్టి, లవంగం నోట్లో వేసుకుని లేచాడు. తిట్టడానికి వెళ్తున్నాడో, కుళాయి బిగించడానికో అతనికే తెలియదు.

పెద్దాయన కూతురు తలుపు తీసింది.

"ప్లంబరుగారు మీరేనా? నాన్న పోయి పదిరోజులైందండి. మంచం మీదున్నా, ఆరయ్యేసరికి మీకు ఫోను కలపమనేవారు."

అతను అడిగాడు.

"నా సంగతి ఆయనకి ఎవరు చెప్పారమ్మా?"

ఆమె లోపలికెళ్లి పాత సంచీ ఒకటి తెచ్చి అతని ముందు విప్పింది. అరిగిపోయిన పానాలు, అడుగున ఎండిపోయిన లవంగాలు.

"ఒకరు చెప్పాలాండీ? నాన్న కూడా ప్లంబరే. తాగుడు మానేదాకా ఆయనా లవంగాలే నమిలేవారు."