నోరు తెరిస్తే

“క్లిప్పులు వేస్తే పళ్ళు వరుసకు రావడానికి రెండేళ్ళు పడుతుందమ్మా. క్యాపులైతే పదిహేను రోజులే. వంకరా కనపడదు, గుట్కా మరకలూ కనపడవు,” అన్నాడు కావలి పళ్ళ డాక్టరు.

“మా గుల్నాజ్ నిఖా వచ్చే నెల్లోనే సార్. క్యాపులే వెయ్యండి. ఫోటోల్లో అయినా ఈయన నోరు దాచుకోకుండా నవ్వాల,” అంది షబీనా. కూతురి సంబంధం కుదిరినప్పటి నుంచీ పోరగా పోరగా ఈ రోజుకు కదిలాడు భర్త కలీం.

“నోరు బాగా తెరవండి.”

రెండు వేళ్ళ సందు కూడా తెరుచుకోలేదు. లైటు దగ్గరకు లాక్కుని బుగ్గ లోపల చూసిన డాక్టరు గొంతు మారిపోయింది.

“పళ్ళ సంగతి తర్వాత. రేపే నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఈ పుండు ఎన్నాళ్ళుగా ఉంది?”

“పుండేంది సార్?” అంది షబీనా.

కలీం ఆమె వైపు చూడలేదు. “పోయిన రంజాన్ నుంచి ఉండాది సార్. మా అబ్బా కూడా దీంతోనే పోయినాడు. పిల్ల పెళ్ళి అయిందాకా దీన్ని కదిలించబాకండి. పైపైన గార తీసి పంపించండి, చాలు.”

ఇన్నాళ్ళూ అతను దాచింది వంకర పళ్ళను కాదని షబీనాకు అప్పుడు అర్థమైంది. బావురుమనబోయి, బయట బెంచీ మీద గుల్నాజ్ ఉందని గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుంది.