నూరో రోజు పొయ్యి వెలిగించిందెవరు?

హైమావతి వంటింట్లో కాలు పెట్టేసరికి పొయ్యి అప్పటికే భగభగా వెలుగుతోంది.

జనం బుర్రలు తుప్పు పడుతున్నాయని సర్కారు ప్రతి పొయ్యికీ ఒక పలక తగిలించింది. పొద్దున్నే దాని మీద ఏడు ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. వాటిలోంచి ఒక మాట కడితేనే మంట. వరసగా నూరు రోజులు మనుషులే మాట కట్టిన ఇంటికి, మర్నాడు ఊరంతటికీ అక్షరాలిచ్చే హక్కు దక్కుతుంది. ఒక్కసారి ఇంటిపనులు చేసే మర కట్టిందా, లెక్క మళ్లీ మొదటికే. ఇవాళ నూరో రోజు!

"నువ్వేనా వెలిగించింది?" పనిమర మీద విరుచుకుపడింది రిటైరైన టైపిస్టు హైమావతి.

"నాకైతే రెప్పపాటు చాలమ్మా. పలక చూడండి, పదకొండు నిమిషాలు పట్టింది," అంది పనిమర నొచ్చుకుంటూ.

పలక మీద 'థ్రెడ్' అన్న మాట మెరుస్తోంది. హైమావతి మెల్లగా వెనక్కి తిరిగింది. ఇంట్లో మిగిలింది ఒక్కరే. ఇంగ్లీషు ముక్క రాదని జీవితమంతా చెప్పుకున్న భర్త, దర్జీ సూరప్పడు, టీ గ్లాసుతో తలుపు చాటున నక్కి ఉన్నాడు.

"ఏవండీ! మీరా?"

"నేనేనే హైమా! నలభై ఏళ్లు దారపు రీళ్ల మీద చూసిన అక్షరాలే కదా, ఇయ్యాల చిక్కుపడి కనపడ్డాయి. ఒక్కోటీ విడదీసి కుట్టేశాను. ఒకటి మిగిలితే ముక్కగుడ్డలా పక్కన పడేశాను. నీ దాకా ఆగుదామనుకున్నాను గానీ, చెయ్యి ఆగలేదే! టీ తాగు. రేపు ఊరికిచ్చే అక్షరాలు మాత్రం నేనే కత్తిరిస్తా."