పన్నెండు గుణాలు

“మళ్ళీ చెప్పు. రిలయబుల్,” అన్నాడు యజమాని తరఫు వకీలు.

తోటమాలి నాలుక మరోసారి మడతపడింది.

“నూరు మొక్కల పేర్లు గుర్తుంటాయి గానీ, పన్నెండు మాటలు నిలవవా నీకు? వాంగ్మూలం ఇంగ్లీషులోనే ఎక్కుతుంది. నువ్వు ‘మంచోడండీ’ అని ఊరుకుంటే వాళ్ళకు తోచినట్టు రాసుకుంటారు. ప్రతి మాటా నీ నోటి నుంచే రావాలి.”

యజమాని కొడుకు నడిపిన కారు కింద ఒక ప్రాణం పోయింది. ఆ కేసులో చిన్నయ్యగారి గుణగణాలకు తోటమాలే సాక్షి. సాక్ష్యం తడబడితే తోట వెనకనున్న గది మర్నాడే ఖాళీ చేయాలని పెద్దయ్యగారు శాంతంగానే సెలవిచ్చారు. ఇరవై రెండేళ్ళ కాపురం ఆ గదిలోనిది. తలదాచుకోవడానికి మరో గూడు లేదు.

వకీలు దెప్పిన మాటే తోటమాలికి ఉపాయమైంది. వరండా పొడవునా పన్నెండు కుండీలున్నాయి. పొద్దున్నే నీళ్ళు పోస్తూ కుండీకొక మాట చొప్పున నాటుకున్నాడు. గులాబీ దగ్గర కైండ్, మల్లె దగ్గర జెంటిల్, ముళ్ళ మొక్క దగ్గర హంబుల్. విట్‌నెస్, ఓత్, అక్యూజ్డ్ వంటి కోర్టు మాటలకు కుండీలు చాలక మెట్లను వాడుకున్నాడు.

భార్య నాలుగు నెలలుగా అతనికి అన్నం పెడుతోంది గాని, పలకరించడం లేదు. వాయిదాకు ముందురోజు సాయంత్రం మాత్రం నోరు విప్పింది.

“కైండ్ అంటే ఏంటి?”

“దయగలవాడని.”

“ఎవరి మీద?”

తోటలో నీళ్ళ గొట్టం చుట్టలేదని గుర్తొచ్చినట్టు అతను లేచి బయటకు వెళ్ళిపోయాడు.

మర్నాడు బోనులో నిలిచి ప్రమాణం చేశాడు. కళ్ళు మూసుకుని, మనసులోనే ఆ వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచాడు. ఒక్క కుండీ తప్పలేదు. పన్నెండు గుణాలూ పొల్లుపోకుండా వరుసగా వెలువడ్డాయి. టైపు చేసే ఆమె వేళ్ళు చకచకా ఆడాయి. పెద్దయ్యగారు కళ్ళద్దాలు తీసి నెమ్మదిగా తుడుచుకున్నారు. చిన్నయ్యగారు వినయంగా తల వంచుకుని కూర్చున్నారు. గది నిలిచిందని తోటమాలి ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు ప్రభుత్వ వకీలు లేచింది. నడివయసు మనిషి. ఆ గుణాల జోలికే పోలేదు. చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసి, అడగవలసింది ఒక్కటేనంటూ తెలుగులోనే అడిగింది.

“ఆ రోజు గేటు ముందు ఆ కారు కింద పడి చనిపోయిన అమ్మాయి మీకేమవుతుంది?”

దానికి ఇంగ్లీషు మాట అతనికెవరూ నేర్పలేదు.

“కూతురండీ,” అన్నాడు తోటమాలి.