గడ్డం లేని గిరాకీ

సబ్బు నురగ పూస్తూనే కత్తెర బాబాయ్‌కి చిన్న అనుమానం తగిలింది. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి గడ్డం గీయమన్నాడు. బాగానే ఉంది. గీయడానికి అక్కడ గడ్డమేదీ? చెంపలు రెండూ కడిగి బోర్లించిన పింగాణీ గిన్నెల్లా తళతళలాడుతున్నాయి.

గడ్డం లేదని గిరాకీని వెనక్కి పంపే సెలూన్ లోకంలో ఎక్కడుంది అనుకుని, కత్తికి కొత్త బ్లేడు వేశాడు.

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. కత్తెర ఆడినంతసేపూ నోరూ ఆడుతుంది కాబట్టి అందరికీ కత్తెర బాబాయే. ఆ రోజు మాత్రం చెయ్యీ ఆడటం లేదు, నోరూ ఆడటం లేదు.

"ఏం తమ్ముడూ, అలా ఉన్నావు?" అన్నాడు పెద్దమనిషి నురగలోంచి.

అడగడమే తడవు, బాబాయ్ కట్ట తెగింది.

"మా అమ్మాయికి ఇంజనీరింగ్‌లో సీటొచ్చిందండీ. ఆఖరి సీటు! కాలేజీ గేటుకి పేర్లు అంటించారు. దాని పేరు, నా పేరు, ఈ సెలూన్ పేరు కూడా! సాయంత్రంలోగా చేరాలి. చేరుతున్నారా లేదా చెప్పండని ఆఫీసువాళ్ళు పొద్దుట్నుంచీ ఒకటే ఫోన్లు. తీరా నాలుగేళ్ళు చదివాక ఉద్యోగం రాలేదనుకోండి, దాని గతేంటి? ఒకడేమో చేర్పించమంటాడు, ఇంకొకడు వద్దంటాడు. నా బుర్ర పగిలిపోతోంది."

బెంచీ మీద ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి, "అది పగిలేలోపు బస్సెక్కుదాం రా నాన్నా" అంది.

"ఆగవే! పెద్దాయన ఏమంటారో విననీ."

బాబాయ్‌కి ఒక గట్టి నమ్మకం ఉంది. గొంతు మీద కత్తి ఉండగా ఏ మనిషీ అబద్ధమాడడని. ఆ కుర్చీలో విన్న మాటలు నమ్మే ఆయన ఇల్లు మారాడు, పళ్ళపొడి మార్చాడు, ఒకసారి గుర్రాన్ని కూడా కొన్నాడు. గుర్రం సంగతి ఇంట్లో ఎత్తకూడదు.

పెద్దమనిషి కుర్చీలో సర్దుకున్నాడు.

"ఇంజనీరింగా! అయ్యో తమ్ముడూ! మా మేనల్లుడు చదివాడు. పాసయ్యాక ఉద్యోగానికని క్యూలో నిలబడ్డాడు. ఎంత క్యూ! అది కదిలేలోపు వెనకున్న అమ్మాయితో పరిచయమైంది. ఇంకొంచెం కదిలేలోపు పెళ్ళయింది. వాళ్ళకి పుట్టినవాడు కూడా ఇంజనీరింగ్ చదివి, వచ్చి వాళ్ళ వెనకే నిలబడ్డాడు."

"అయితే చివరికి ఉద్యోగం వచ్చిందాండీ?"

"కిటికీ దాకా వెళ్ళేసరికి రిటైరయ్యే వయసొచ్చింది. పూలదండ వేసి, శాలువా కప్పి, అటునుంచటే ఇంటికి పంపేశారు."

బాబాయ్ కత్తి గాల్లో ఆగిపోయింది. అమ్మాయి మాత్రం పకపకా నవ్వింది.

"నాన్నా, అంతసేపు నిలబడితే వాళ్ళు అన్నం ఎప్పుడు తిన్నారో అడుగు."

"నవ్వకమ్మాయ్. మా ఎదురింటివాడు ఉద్యోగం దొరక్క కాలేజీలో పాఠాలు చెప్తున్నాడు. వాడి దగ్గర చదివినవాళ్ళకీ దొరక్క, వాళ్ళూ పాఠాలే చెప్తున్నారు. ఇప్పుడక్కడ వినేవాడు లేడు. ఒకరికొకరు చెప్పుకుంటున్నారు."

"నాకు మిషన్లంటే ఇష్టమండీ. నిన్న ఈ ట్రిమ్మర్ ఆగిపోతే నేనే విప్పి బాగుచేశాను" అంది అమ్మాయి.

"చూశావా తమ్ముడూ!" పెద్దమనిషి వేలెత్తాడు. "చదవకుండానే వచ్చేసింది. వచ్చినదానికి మళ్ళీ చదువెందుకు? ఈత వచ్చిన చేపని ఈత నేర్చుకోమని పంపుతావా?"

బాబాయ్ అవునన్నట్టు తలూపాడు. కబుర్లలో తనని ఓడించినవాడు ఆ కుర్చీలో ఇంతవరకూ కూర్చోలేదు.

అమ్మాయి లేచి దగ్గరికొచ్చింది. గీసిన చెంపకేసీ, గీయని చెంపకేసీ మార్చి మార్చి చూసింది.

"నాన్నా, ఈయనకి గడ్డం లేదు కదా. ఎందుకొచ్చారు?"

"నోర్ముయ్! గిరాకీని అలాగేనా అనేది? కొందరిది సన్నజాతి వెంట్రుక. నీకేం తెలుసు?"

పెద్దమనిషి నురగ చాటున దగ్గాడు. "నీ కూతురు నా కూతురు లాంటిదే కాబట్టి చెప్తున్నా. దాన్ని క్యూలో ముసలిదాన్ని చేస్తావో, కళ్ళెదుట ఉంచుకుంటావో నీ ఇష్టం. ఆ ఆఫీసువాళ్ళకి ఏదో ఒకటి చెప్పేసెయ్, నీ బుర్రా కుదుటపడుతుంది."

బాబాయ్ కత్తి పక్కన పెట్టాడు. తువ్వాలుకి చెయ్యి తుడుచుకుని ఫోన్ తీశాడు. అమ్మాయి అతని మోచెయ్యి పట్టుకుంది.

"నాన్నా, వద్దు. చదువుకుంటా నాన్నా. ఉద్యోగం రాకపోతే నీ పక్కనే ఇంకో కుర్చీ వేసుకుంటా, సరేనా?"

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అద్దంలో పెద్దమనిషి విచారంగా తల అడ్డంగా ఊపాడు.

"హలో... అవునండీ, ఆ సెలూన్ నుంచే... మా అమ్మాయి చేరడం లేదండీ. ఆ... పేరు తీసేయండి."

అమ్మాయి ఫైలు బెంచీ మీద పెట్టేసింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "ఇంకో గుర్రాన్ని కొన్నావు నాన్నా" అని ఏడుపు దిగమింగుకుంటూ వెళ్ళిపోయింది.

పెద్దమనిషి అప్పటికే కుర్చీ దిగాడు. ఒక చెంప మీద నురగ అలాగే ఉంది.

"అయ్యో, రెండో వైపు ఉండిపోయిందండీ!"

"ఉండనీ తమ్ముడూ, పనుంది" అంటూ మెడలో తువ్వాలుతోనే రోడ్డు మీద పడ్డాడు.

ఎంత మంచి మనిషి! అడగ్గానే పరాయి పిల్ల కోసం ఇంత ఆలోచించాడు అనుకుంటూ, తువ్వాలు కోసం బాబాయ్ వెనకే గుమ్మందాకా పరిగెత్తాడు.

పెద్దమనిషి నురగ చెంపకే ఫోన్ అదిమిపెట్టి సంతోషం పట్టలేక అరుస్తున్నాడు: "బంగారుతల్లీ, లిస్టులో నీ ముందున్న పేరు ఎగిరిపోయిందే, ఇంజనీరింగ్ సీటు ఇక మనదే, పరిగెత్తు!"