రోజూ నాలుగింటికి

"మీ చెయ్యి పొడుగు ఇరవై ఒకటిన్నర. టేపు అక్కర్లేదు, నా కన్నే టేపు," అన్నాడు టైలరు, ఇంజెక్షన్ చేస్తున్న సిస్టరు చేతిని పరకాయించి చూస్తూ.

"పొద్దున్న కూడా చెప్పారన్నయ్యా."

"పొద్దున్నా? మిమ్మల్ని చూడ్డం ఇదే మొదలు కదమ్మా!"

సిస్టరు నవ్వి సూది తీసింది. అతను వార్డులో చేరి నెల దాటింది. చేతుల వణుకు తగ్గింది, కళ్ళ పచ్చదనం విరిగింది. బుర్ర మాత్రం దారికి రాలేదు. తిండి మానేసి ఏళ్ళ తరబడి తాగడంతో ఒంట్లో విటమిను అడుగంటి మెదడు దెబ్బతిందన్నాడు డాక్టరు. వెనకటి కొన్నేళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు చెప్పిన మాట అరగంట నిలవదు.

"మా చిట్టి బడి నుంచి వచ్చేసిందా? దానికి గౌను కుట్టాలి. ఛాతీ ఇరవై నాలుగు."

"పిల్లల్ని వార్డులోకి రానివ్వరన్నయ్యా. ఇంటికెళ్ళాక చూద్దురుగాని."

నాలుగు కాగానే అతని భార్య వచ్చింది. ఒక్కరోజు తప్పలేదు ఆ మనిషి. రాగానే తల దువ్వుతుంది, గోళ్ళు తీస్తుంది, మాత్రలు మింగాడో లేదో ఆరా తీస్తుంది. ఆ తర్వాత మంచం చుట్టూ తెర లాగేసుకుంటుంది. లోపల్నుంచి అతని మూలుగు వినిపించినా, మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని సిస్టరు అటు వెళ్ళేది కాదు. తాగుబోతు మొగుణ్ణి ఇక్కడ పడేసి మొహం చాటేసేవాళ్ళనే చూసిన సిస్టరుకి ఆమె అంటే ముచ్చట.

చేర్చిన కొత్తలో ఆమె డాక్టర్ని అడిగిన మాట సిస్టరు ఇంకా మర్చిపోలేదు.

"ఎన్నేళ్ళు బతుకుతారండీ?"

"మందు ముట్టకపోతే ఇరవై ఏళ్ళు ఢోకా లేదు. కానీ జ్ఞాపకం మీద ఆశ పెట్టుకోకమ్మా. ఇవాళ్టి మాట రేపటికి ఉండదు."

"ఆయన బతికితే చాలు," అందామె.

ఒకటే చిక్కు. ఆమె వెళ్ళాక అతను వెక్కివెక్కి ఏడ్చేవాడు. "ఎందుకన్నయ్యా?" అంటే, "తెలీదమ్మా. గుండె మీద బండ పెట్టినట్టుంది," అనేవాడు. భార్య వెళ్ళిపోయిందన్న బెంగేనని డాక్టరు తేల్చేశాడు. జాలిపడి సిస్టరు ఆమెకి ఇంకో అరగంట ఎక్కువ ఉండే వీలు కల్పించింది.

ఇవాళ బీపీ చూద్దామని ఆ అరగంటలోనే వెళ్ళింది. తెర మీద చెయ్యి వెయ్యబోతూ ఆగిపోయింది.

"ఏమండీ, మన చిట్టి చచ్చిపోయింది."

ఎన్నడూ లేనంత గట్టిగా అతని గొంతులోంచి వచ్చిన అరుపుకి వార్డు వార్డంతా లేచి కూర్చుంది. సిస్టరు పరుగెత్తుకెళ్ళి పట్టుకుంది. అతను తల గోడకేసి బాదుకుంటున్నాడు.

"నిద్రమందు ఇచ్చేస్తాను!"

"వద్దండీ," అంది భార్య. "ఏడవనివ్వండి. కాసేపట్లో మర్చిపోతారు."

అటెండర్లకి అతన్ని అప్పగించి, సిస్టరు ఆమెని వరండాలోకి నడిపించుకొచ్చింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. కొయ్యబారిపోయింది పాపం అనుకుని గట్టిగా కావలించుకుంది.

"ఎలా పోయిందమ్మా?"

"ఈతకొలనులో. తీసుకెళ్ళిన మనిషి తాగి గట్టు మీద పడి ఉన్నాడు. నాన్నా, నాన్నా అని అరిచిందట."

"వాడి చేతులు పడిపోను! తండ్రేమో ఇక్కడ, పసిదేమో అక్కడ... రేపు రాకండమ్మా. ఆయన్ని నేను చూసుకుంటాను."

"వస్తాను. నాలుగింటికి."

"ఇంతకీ ఎప్పుడు జరిగిందమ్మా, పొద్దున్నేనా?"

"మూడేళ్ళయింది."