మూడు నిమ్మకాయలు

ఇంజన్‌కు వేగం పెంచే పెద్ద టర్బో బిగించిన తన జపాన్ కారుకు చంద్రశేఖర్ రంగు మార్పించి అమ్మకానికి పెట్టాడు. పొద్దుగూకాక వనపర్తి బయట ఆ కారు ఉన్న షెడ్డుకు భీమన్న అనే రైతు ఒక్కడే వచ్చాడు. ధర అడగలేదు.

"జర ఎక్సలేటర్ తొక్కు సారూ, సప్పుడు వింట."

చంద్రశేఖర్ సీట్లో కూర్చుని తొక్కాడు. టర్బో ఈల వేసింది. భీమన్న కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత, కొత్త బండికి పెట్టినట్టే, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. మూడే పెట్టాడు.

"ముందు ఎడమ టైరుకు పెట్టవా అన్నా?"

"ఆడ జాగ లేదు. రంగు మార్చినవు గని ఆ దినం నేను విన్న సప్పుడు మార్చలే. వీపనగండ్ల రోడ్డు మీద నా బిడ్డను గుద్ది, ఆ టైరు కిందనే తొక్కి సంపి, ఆపకుంట పోయినవ్."

చంద్రశేఖర్ ఇంజన్ ఆపి తాళం లాగేశాడు. ఈల ఆగలేదు. ఆ ఎడమ టైరు కింది నుంచే వస్తోంది.

"ఈసారన్న దిగి సూడు సారూ."